లండన్ ఒప్పందం, గద్వాల బోణీ

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పాలు తెమ్మని పంపితే బర్రె కథతో సహా తెస్తానని మా ఇంటామె అంటుంది. దోమ కుడితే పాము కరిచిందనను గానీ, ఆ దోమకు మీసాలున్నాయని మాత్రం తప్పకుండా చెప్తాను. కాబట్టి కింద ఏదైనా మరీ పెద్దగా కనిపిస్తే దాన్ని సగానికి మడిచి చదువుకోండి. మా గద్వాల చీరలను కూడా మడిచే పెడతారు, విప్పితే గదా పొడుగు తెలిసేది.

గద్వాల పాత బస్టాండు దగ్గర ఒక పుస్తకాల దుకాణం ఉంది. నడిపే ఆమెను ఊరంతా ఆపా, అంటే అక్కా, అంటుంది. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా ఆపా అనే అంటారు, వాళ్లకు వేరే దారి లేదు, ఆమె చూపు అట్లాంటిది. వాళ్ల నాయన పెట్టిన దుకాణం. ఎంత ఇరుకంటే, లోపల ఇద్దరుంటే ఒకరు ఊపిరి పీల్చినప్పుడు ఇంకొకరు వదలాలి. ముందు వరుసలో పోటీ పరీక్షల గైడ్లు, నడుమ నవలలు, పైన ఉర్దూ కవిత్వం, వెనక ఎవరూ కొననివి. ఆ వెనక వరుస కింద ఒక ఎత్తుపీట. అది నాది. పెండ్లయిన కొత్తల్లో మా ఇంటామె నన్ను వెతకడానికి మూడు వీధులు తిరిగేదట. తర్వాత నేరుగా ఆ పీట దగ్గరికే రావడం నేర్చుకుంది.

ఆ దుకాణం మూతపడే రోజులొచ్చాయి.

ఒకవైపు ఫోన్లు. గిరాకీ లోపలికి వస్తాడు, పుస్తకం తిరగేస్తాడు, అట్టకు ఫొటో తీసుకుంటాడు, పెండ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూసి, ఇంటికి పోయి కబురు చేస్తానని పోతాడు. కబురు రాదు. పుస్తకం మాత్రం వాళ్లింటికి డబ్బాలో ఇంకెక్కడినుంచో వస్తుంది. ఇంకోవైపు పక్క ఊర్ల పోటీ. వనపర్తిలో ఒకాయన, మేం వనపర్తి అన్న అనేవాళ్లం, అచ్చేసిన ధర మీద పదో వంతు తగ్గించాడు. నాగర్‌కర్నూల్లో రిటైరైన లెక్కల సారు ఒకాయన దుకాణం పెట్టి ఐదో వంతు తగ్గించాడు. లెక్కల సారు గదా, ఎవరూ ఆయన్ను అనుమానించలేదు. ఆపా పంతానికి నాలుగో వంతు తగ్గించింది. హాస్టల్ పిల్లలు ఒకన్ని బస్సెక్కించి, ఆ వారం ఏ ఊర్లో చవకైతే ఆ ఊర్నుంచి అందరికీ గైడ్లు తెప్పించుకునేవాళ్లు. ఇంకొక్క మెట్టు దిగితే, పుస్తకమిచ్చి ఎదురు బస్సు చార్జీ కూడా ఇవ్వాల్సిన చోటికి చేరారు ముగ్గురూ.

మూడోవైపు విత్తనాల సేటు. పత్తి విత్తనాల వ్యాపారి. ఆపా దుకాణం ఖాళీ అయితే తీసుకుందామని ఆయన ఆశ. వారానికోసారి జేబులోంచి టేపు తీసి గోడలు కొలిచేవాడు. దర్జీ కూడా పెండ్లికొడుకును అంత ప్రేమగా కొలవడు.

"తొందరేం లేదు ఆపా, నువ్వు ఎప్పుడంటే అప్పుడే. జర గీ బీరువా జరిపితే ఆ మూల గూడ చూసుకుంట."

"చూసుకో సేట్. గోడలు రోజూ పెరుగుతయా ఏంది, వారం వారం కొలుస్తవు?"

"గోడలు కాదు ఆపా, నా ఆశ పెరుగుతున్నది."

ఆపా నవ్వేది. ఆయన పోయాక మాత్రం ఆయన బీరువాను జరిపిన చోట నేల మీద పడ్డ గీతను చెప్పుతో చాలాసేపు రుద్దేది.

సరిగ్గా అప్పుడు నా చేతికి ఆ ఇంగ్లీషు పుస్తకం దొరికింది. వెనక వరుసలో, ఆపా వాళ్ల నాయన కాలం నుంచి ఎవరూ ముట్టనిది. బ్రిటన్‌లో పుస్తకాల వ్యాపారం ఎట్లా నడిచింది, దానికి కట్టుబాట్లు ఎవరు పెట్టారు, ఎవరు తెంపారు అన్న చరిత్ర. తూకం వేస్తే మా చిన్నమ్మాయి పుట్టినప్పటి బరువు. పీట మీద కూర్చుని సగం దాకా చదివాను. చదివి, వెలిగిపోయాను.

విషయమేందంటే, వందేండ్లకు పైబడ్డ మాట, ఇంగ్లండు పుస్తకాల దుకాణాలవాళ్లది కూడా మా వాళ్ల గతే. ఒకని మీద పోటీకి ఇంకొకడు తగ్గించి తగ్గించి, అందరూ కలిసి మునిగే దాకా వచ్చారు. అప్పుడు ప్రచురణకర్తలు, దుకాణాలవాళ్లు కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. పుస్తకానికి అచ్చేసినవాడు చెప్పిందే ధర. దానికన్నా తగ్గించి అమ్మినవానికి ఇక పుస్తకాలు పంపరు. అంతే. చిన్న దుకాణాలు ఊపిరి పీల్చుకున్నాయి. ఒక పత్రికవాళ్లు తగ్గించి అమ్మబోతే పెద్ద కొట్లాటే అయింది, ఒప్పందమే గెలిచింది. అరవైల్లో విషయం కోర్టుకెక్కితే, పుస్తకం ఉప్పూ సబ్బూ లాంటిది కాదు, దాని దారి వేరు అని కోర్టు కూడా ఒప్పుకుంది. నేను అక్కడ ఆగాను. ఆపా షట్టర్ దించుతుంటే ఎవరైనా ఆగాల్సిందే.

మరునాడు ఈ కథంతా ఆపాకు చెప్పాను. చెప్పేటప్పుడు అణా తగ్గించినవాన్ని థేమ్స్ నదిలో మూడు మునకలు వేయించేవాళ్లని ఒక మాట కలిపాను. మిగతాదంతా పుస్తకంలోదే.

"అరె భాయ్, గిది మంచిగున్నదే," అంది ఆపా. "మనకు నది గూడ ఉన్నది."

ఫోన్లమీద సమావేశం కుదిరింది. ఎవరి ఊర్లో కూర్చుంటే పెద్దరికం వాళ్లదైతుందని నడుమనున్న పాన్‌గల్ అనుకున్నాం. అప్పటికి మామిడి ఇంకా పూత మీద ఉంది. పాన్‌గల్‌లో ఒక చాయ్ హోటల్లో, ఒక కాలు పొట్టిదైన బల్ల చుట్టూ ఆపా, వనపర్తి అన్న, నాగర్‌కర్నూల్ సారు కూర్చున్నారు. నేను లండన్ తరఫున కూర్చున్నాను. వనపర్తి అన్న మంచి మనిషి, చేతులు ఊపకుండా ఒక్క మాట మాట్లాడలేడు, ఆ రోజు రెండు చాయ్‌లు ఒలకబోశాడు. సారు అందరి ముఖాలూ హాజరు తీసుకున్నట్టు చూశాడు.

"అచ్చేసిన ధర. పైస తక్కువ లేదు," అన్నాడు వనపర్తి అన్న. "ఎవలన్న తప్పితే?"

"కొల్లాపూర్ మామిడి పండ్లు, గంపెడు, మిగతా ఇద్దరికి," అన్నాడు సారు. "కాయ దిగినంక మల్ల గిక్కడనే కలుద్దాం. తప్పినోల్లు గంప తేవాలె."

"మరి ఫోన్లు? వాటితోని గంప ఎవరు మోయిస్తరు?" అన్నాను.

"ఫోన్ల సంగతి ఫోన్లు చూసుకుంటయి. ముందు మనం కొట్లాడుకునుడు ఆపుదాం భయ్యా," అంది ఆపా.

చేతులు కలిపారు. తిరుగు బస్సులో నేను ఏ రాజ్యాలనో సంధి చేయించిన దివానులా కిటికీ పక్కన కూర్చున్నాను. సీటుకోసం ఒకామెతో గొడవ కూడా పెట్టుకున్నాననుకోండి.

మరునాడు పొద్దున్నే ఆపా షట్టర్ ఎత్తింది, అగరుబత్తి వెలిగించింది. మొదటి గిరాకీ ఒక పడుచుపిల్ల, టీచరు పరీక్షకు చదువుతోంది. గైడు తీసుకుని ధర చూసింది.

"ఎంతకిస్తవ్ ఆపా?"

"దాని మీద ఎంతున్నదో అంత."

"నిన్నటిదాక తగ్గిస్తుంటివి."

"నిన్నటి సంగతి నిన్ననే అయిపోయింది బేటా."

పిల్ల గైడు బల్లమీద పెట్టింది. "నీ ఇష్టం. నాది బోణీ బేరం. నేనట్ల పోతే నీ పొద్దు ఎట్ల పోతదో నువ్వే చూసుకో." అని చెప్పు తొడుక్కోబోయింది.

ఆపా నా వైపు చూసింది. నేను పీట మీద నుంచే లండన్ తరఫున వేలు ఊపాను.

"భాయ్," అంది ఆపా గొంతు తగ్గించి, "లండన్ల పొద్దుగాల దుకాణం తెరిచేటోల్లు ఉంటరా?"

"ఉంటరు."

"మొదటి గిరాకీని ఉత్తచేతుల పంపుతరా?"

పుస్తకం సగం చదివాను గదా, ఆ సగంలో బోణీ అనే అధ్యాయం లేదు. వందేండ్లు దేశమంతటినీ కట్టేసిన ఆ ఒప్పందం రాసినవాళ్లలో ఒక్కరికీ, పొద్దున్నే మొదటి మనిషిని ఖాళీగా పంపితే ఆ రోజంతా గల్లా పెట్టె ఏడుస్తుందన్న సంగతి తెలిసినట్టు లేదు. ఆపా వాళ్ల నాయన ఎంత గట్టివాడైనా మొదటి బేరాన్ని మాత్రం పోనిచ్చేవాడు కాదట. ఆపా గైడు తగ్గించి ఇచ్చింది. నోటును కండ్లకద్దుకుని గల్లాలో వేసింది. తర్వాత నన్ను చూడకుండా, "గిది లెక్కల రాదు," అంది.

ఆ పిల్ల హాస్టల్లో ఉంటుంది. అక్కడితో కథ మారిపోయింది. మరునాడు షట్టర్ ముందు నలుగురు. ఆ తర్వాత ఎనిమిది మంది. వారం తిరిగేసరికి ఆ వరుస పాత బస్టాండు దాటి, కోట గోడ దాకా పోయింది. వెనకనున్నవాళ్లు ఊరికే నిలబడకుండా చీరల దుకాణాల ముందు టిఫిన్లు కూడా తిన్నారు. షట్టర్ జానెడు లేవగానే కింది సందులోంచి నోట్లు పట్టుకున్న చేతులు లోపలికొచ్చేవి. ఒక మగ్గం నేసే పెద్దమనిషి, మనవరాలి కోసం వచ్చినాయన, ఏకంగా బోర్లా పడుకుని చెయ్యి పెట్టాడు. అందరికీ బోణీ కావాలి.

"బోణీ ఒక్కటే అయ్యా," అనేది ఆపా. "మిగిలినోల్లది మామూలు బేరం."

మిగిలినవాళ్లు గొణుక్కునేవాళ్లు. గొణుక్కుంటూనే లోపలికి వచ్చేవాళ్లు.

ఆపాకు మాత్రం తిండి సయించలేదు. రోజూ ఒకసారి మాట తప్పుతున్నానని ఆమె బాధ. ఒకనాడు నన్ను పిలిచి, "భాయ్, జర వనపర్తి పోయి రా. ఆయన గూడ తప్పు చేస్తుంటే నా మనసు జర నిమ్మలమైతది," అంది.

మొదటి బస్సుకే పోయాను. వనపర్తి అన్న అప్పుడే దుకాణం తెరుస్తున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి నిటారుగా నిలబడ్డాడు. ఊరికే ఒక నవల ధర అడిగాను.

"అచ్చేసిన ధర," అన్నాడు, చేతులు ఊపుతూ. "లండన్ లెక్క."

"బాగుంది," అని నేను మెట్టు దిగాను. ఆయన ముఖం మారిపోయింది. రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

"సారూ, బోణీ చెయ్యకుండనే పోతరా?"

"ధర ఎక్కువుంది గదా అన్నా."

"అరె, రండ్రి. మీకు గాకుంటే ఎవలకు?" తగ్గించి చేతిలో పెట్టి, నా డబ్బు కండ్లకద్దుకుని, నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆపాకు తెల్వనియ్యకు. నేనే ముందు చెప్తి గదా పైస తక్కువ లేదని. ఇజ్జత్ పోతది."

మాటిచ్చాను. జీవితంలో నేను కడుపులో దాచుకున్న విషయం అదొక్కటే. అందుకే అప్పట్నుంచి అరగడం లేదు. గద్వాలకొచ్చి ఆపాతో, "ఆయన అచ్చేసిన ధరకే అంటుండు," అన్నాను. అన్నాడు గదా, అది నిజమే.

ఆపా బల్ల మీది దుమ్ము తుడిచింది, లేని దుమ్ము కూడా తుడిచింది.

కాయ దిగింది. పాన్‌గల్ పోయే రోజు ఆపా ఒక గంప తెచ్చింది, పైన పాత దుప్పటి కప్పి. బస్సులో గంప మా ఇద్దరి నడుమ పెట్టుకుంది.

"గిదేంది ఆపా?"

"జుర్మానా. ఒప్పుకుంట భాయ్. ఒప్పుకొని, వచ్చేవారం తాళాలు సేటుకిచ్చేస్త. మాట తప్పి నడిపేది మా అబ్బా దుకాణం గాదు."

వనపర్తి సంగతి చెప్దామని నోరు తెరిచాను, ఇచ్చిన మాట గుర్తొచ్చింది, మూశాను. మళ్లీ తెరిచాను. చివరికి ఏం చెయ్యాలో తెలియక సంచిలోంచి ఆ లండన్ పుస్తకం తీశాను. సగం చదివిన ఆ పుస్తకాన్ని అప్పటికే పూర్తి ధరకు కొనుక్కున్నాను, ఒప్పందం నాది గదా. మిగతా సగం ఆ బస్సులో చదివాను. ప్రతి గుంతకూ రెండు పేజీలు దూకుతూ, చదవకూడని చోటికి చేరాను.

పాన్‌గల్ హోటల్లో వనపర్తి అన్న ముందే కూర్చున్నాడు. కాళ్ల దగ్గర గోనెసంచి కప్పిన ఏదో ఉంది, దాన్ని మడమలతో వెనక్కి తోస్తున్నాడు. ఆపా గంపను కుర్చీ కిందికి జరిపింది. సారు ఆటో దిగాడు. చేతిలో స్టీలు బకెట్, పైన న్యూస్‌పేపర్. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు. చాయ్ వచ్చింది. కానీ చాయ్ వాసన ఎవరికీ రాలేదు. హోటలంతా మామిడి తోటలా గుప్పుమంటోంది. వంటాయన కూడా లోపల్నుంచి తొంగిచూశాడు.

"ముందు నేనొక మాట చెప్పాలె," అన్నాడు సారు లేచి నిలబడి.

"నేను గూడ," అంది ఆపా.

"నేను ముందు," అన్నాడు వనపర్తి అన్న.

అన్న ఊరుకోలేక చెయ్యి ఊపాడు, గోనెసంచి జారింది. ఆపా దాన్ని చూసి, వంగి తన దుప్పటి లాగింది. సారు బకెట్ మీది పేపరు మడతలు పెట్టి పక్కన పెట్టాడు, తొందరలో కూడా మడత సరిగానే పెట్టాడు.

"బోణీయేనా?" అన్నాడు అన్న.

"బోణీయే," అన్నాడు సారు. "పొద్దున మొదటి గిరాకీని ఉత్తచేతుల పంపలేకపోతి."

ఆపా పకపకా నవ్వింది. హోటల్ కప్పు మీది కోడి దిగిపోయేంత నవ్వింది.

"ఒక చెడు కబురుంది," అన్నాను నేను. "లండన్ ఒప్పందం గూడ నిలవలేదు. తొంభైల్లో పెద్ద పెద్దోల్లు ఒక్కొక్కరే పక్కకు జరిగిండ్రు, అంతా కూలిపోయింది. ఆ తర్వాత కోర్టు గూడ, గట్ల అందరు కూడబలుక్కొని ధర కట్టేసుడు జనానికి మంచిది కాదని తీర్పు చెప్పింది. తర్వాత సూపర్ మార్కెట్లల్ల సబ్బుల పక్కన పుస్తకాలు పెట్టి అమ్మిండ్రట. చిన్న దుకాణాలు శానా మూతపడ్డయి."

"మరి మనం జేసింది?" అన్నాడు సారు.

"అదే."

సారు ముఖం తెల్లబోయింది. "అయితే గిది గిక్కడనే ఇడిసిపెడదాం. ఎవల దుకాణం వాల్లిష్టం. నాకు పెన్షనున్నది, కోర్టులు వద్దు."

"ఒక్కటి మాత్రం ఉంది," అన్నాను. "ఒప్పందం నడిచినన్ని రోజులు వాళ్లు గూడ ఒక సందు ఉంచుకున్నరు. ఏడాదికొకసారి, కొన్ని రోజులు, పాత సరుకు తగ్గించి అమ్ముకోవచ్చు."

"అంటే ఏడాదికొక బోణీ," అంది ఆపా. "పాపం, గట్ల ఎట్ల బతికిండ్రు భాయ్."

అప్పుడు వనపర్తి అన్న అసలు మాట అడిగాడు. "మీ దగ్గర గూడ పొద్దున జనం నిలవడుతుండ్రా?"

నిలబడుతున్నారు. మూడు ఊర్లలోనూ. తన ఒక్కరి తప్పుకే జనం వస్తున్నారని ముగ్గురూ భయపడి ఎవరికీ చెప్పుకోలేదు.

"బోణీ దొరకనోల్లు ఏంజేస్తుండ్రు ఆపా?" అన్నాడు సారు.

"తిట్టుకుంట లోపలికొస్తుండ్రు. వచ్చినం గదా అని ఏదో ఒకటి పట్టుకొని పోతుండ్రు."

"ధర?"

"అచ్చేసిన ధరనే," అంది ఆపా. అని, తన దుకాణం సంగతి ఇంకెవరో చెప్తే విన్నట్టు ఆగిపోయింది. "బేరం గూడ ఆడుతలేరు భాయ్. బోణీ అయిపోయిందంటే ఒప్పుకుంటుండ్రు."

"ఫోన్ల బోణీ ఉండదు గద," అన్నాడు అన్న నెమ్మదిగా. ఆ ఒక్కమాటకు చెయ్యి ఊపలేదు.

మామిడి పండ్లు మేం నలుగురం, వంటాయన, బస్సుకోసం కూర్చున్న వాళ్లందరూ తిన్నాం. ఒప్పందం పోయింది. ముగ్గురికీ భుజాల మీది బరువు దిగింది. తిరుగు బస్సులో ఆపా తాళాల గుత్తి చేతిలో తిప్పుతూనే ఉంది, సేటు పేరు మాత్రం ఎత్తలేదు.

తర్వాత వారం విత్తనాల సేటు పొద్దున్నే వచ్చాడు, గిరాకీ రాకముందే కొలుద్దామని. షట్టర్ ముందు ఎవరూ లేరు, ఆయనే మొదటివాడు. ఆపా షట్టర్ ఎత్తింది, చూసింది.

"సేట్, ఇయ్యాల నువ్వే బోణీ."

సేటు టేపు పట్టుకుని నిలబడ్డాడు. వెనక అప్పుడే జనం చేరుతున్నారు. ఆయనా దుకాణదారుడే, మొదటి గిరాకీ ఉత్తచేతుల తిరిగిపోతే ఏమైతదో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. లోపలికొచ్చి, అన్నిటికన్నా లావుగా ఉన్న పుస్తకం తీసుకున్నాడు.

"తగ్గిస్త సేట్."

"వద్దు ఆపా. నాది గూడ దుకాణమే. బోణీకాడ బేరమాడ." టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ బయటికి తియ్యలేదు. ఇప్పుడు ఆయన విత్తనాల దుకాణం రెండు వీధులవతల ఉంది. నా పీట నాకే ఉంది. మా ఇంటామె ఊపిరి పీల్చుకుందో, నిట్టూర్చిందో నాకు తేడా తెల్వదు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. వరుస కోట గోడ దాకా పోలేదు, పక్కనున్న జిరాక్సు దుకాణం దాకా పోయింది. థేమ్స్ మునకలు నేను కలిపినవని ముందే చెప్పాను. మిగతావన్నీ సాగదీసినవి, కల్పించినవి కావు. సేటు టేపు నిజం. గంప, గోనెసంచి, బకెట్ నిజం, మీరు నమ్మకపోయినా నిజం.

మీకు చెప్పకుండా కల్పించింది ఒక్కటే. పాన్‌గల్ హోటల్లో ఆపా పకపకా నవ్విందని రాశాను. నవ్వలేదు. అన్న గోనెసంచి జారినప్పుడు ఆమె గంపమీది దుప్పటి లాగి, దాంట్లో ముఖం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. సారు లేచి ఫ్యాను చప్పుడెక్కువుందని స్విచ్చు వెతుకుతూ అటు తిరిగాడు, ఫ్యాను తిరగడం లేదు. అన్న చాయ్ ఒలకబోయకుండా పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆపా ముఖం తుడుచుకుని, ఒక పండు తీసి నా చేతిలో పెట్టి, "తిను భాయ్, మంచి పండు," అంది.